వర్డ్‌లో, రైటర్‌లో తెలుగు మొరాయిస్తే: విశాఖ డి.టి.పి. బల్ల దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

డాబాగార్డెన్స్‌లో మా టైపింగ్ బల్ల దగ్గరికి రోజూ రకరకాల వాళ్లు వస్తారు. యూనివర్సిటీ నుంచి పరిశోధక విద్యార్థులు థీసిస్ పట్టుకొస్తారు. కోర్టు గుమాస్తాలు వస్తారు. గాజువాక నుంచి రిటైరైన పెద్దాయన ఒకరు తన ఉద్యోగ జ్ఞాపకాలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, నెలకోసారి ప్రింటు తీయించుకుని వెళ్తారు. దాదాపు అందరూ మొదట అనే మాట ఒకటే: "నాకు కంప్యూటర్ రాదండీ, ఏదో తప్పు నొక్కేశాను."

చాలాసార్లు వాళ్లు నొక్కిందాంట్లో తప్పేమీ ఉండదు. ఈ సాఫ్ట్‌వేర్లను ముందు ఇంగ్లిషు అక్షరం కోసం కట్టారు, మన లిపికి తర్వాత పక్కన ఇంకో గది వేశారు. ఆ గది తలుపు ఎక్కడుందో ఎవరూ చెప్పరు. ఈ పేజీ రాసింది అది చెప్పడానికే. ఇక్కడ రైటర్ అంటే లిబ్రే ఆఫీస్ రైటర్, వర్డ్ అంటే మైక్రోసాఫ్ట్ వర్డ్. మెనూ పేర్లు వెర్షన్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు.

ఫాంటు మార్చినా, సైజు పెంచినా తెలుగు అలాగే ఉంటోంది. ఇంగ్లిషు మాత్రం మారుతోంది. ఏమిటిది?

మా దగ్గర అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. రైటర్ ప్రతి పేరాకీ మూడు ఫాంట్లు గుర్తుపెట్టుకుంటుంది. ఒకటి ఇంగ్లిషు లాంటి పాశ్చాత్య లిపులకి, ఒకటి చైనా, జపాన్ లాంటి తూర్పు ఆసియా లిపులకి, ఇంకొకటి 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' అనే గుంపుకి. తెలుగు ఉన్నది ఆ మూడో గుంపులో. ఫాంటు ఒక్కటే కాదు, సైజు, బోల్డ్ కూడా మూడింటికీ విడివిడిగా ఉంటాయి. మీరు స్టైల్ (పేరా రూపురేఖల అమరిక) తెరిచి పైనున్న పెట్టెలో 14 అని కొడితే ఇంగ్లిషు 14 అవుతుంది, తెలుగు తన 12 దగ్గరే కూర్చుంటుంది.

రైటర్‌లో టూల్స్, ఆప్షన్స్‌కి వెళ్లి, లాంగ్వేజ్ అనే మాటతో మొదలయ్యే విభాగం తెరవండి. కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నచోట తెలుగు ఎంచుకోండి. పక్కన టిక్ పెట్టే గడి ఉంటే టిక్ పెట్టండి. తర్వాత ఎఫ్11 నొక్కితే స్టైల్స్ కనిపిస్తాయి. 'డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్' మీద రైట్ క్లిక్ చేసి, ఎడిట్‌లో ఫాంట్ ట్యాబ్ తెరిచి, తెలుగు ఫాంటూ సైజూ ఆ కాంప్లెక్స్ గుంపు పెట్టెలో పెట్టండి. డాక్యుమెంటుకి ఒక్కసారి చేస్తే చాలు.

వర్డ్‌లోనూ ఇదే కథ. కంట్రోల్+డి నొక్కితే వచ్చే ఫాంట్ పెట్టెలో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అని వేరే వరుస ఉంటుంది. అది కనబడకపోతే ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లో తెలుగును ఎడిటింగ్ భాషగా చేర్చి, వర్డ్ మూసి మళ్లీ తెరవండి.

ఒక్కొక్క లైనూ సెలెక్ట్ చేసుకుంటూ పైనున్న టూల్‌బార్‌తో మార్చుకుంటూ పోకండి. అప్పటికి పని అవుతుంది, కానీ నూట ఇరవై పేజీల థీసిస్‌లో అరవయ్యో పేజీ దగ్గర మళ్లీ పాత ఫాంటు తలెత్తుతుంది. అప్పుడు అది ఎక్కడినుంచి వచ్చిందో వెతకడానికి ఒక పూట పడుతుంది.

వత్తుల అడుగు భాగం కోసేసినట్టు కనిపిస్తోంది. ప్రింటర్ పాడైందా?

ప్రింటర్‌ని ఏమీ అనకండి. లైన్ స్పేసింగ్ చూడండి.

ఇంగ్లిషు అక్షరం ఒక గీత మీద నిలబడుతుంది, కొన్నిటికే తోక కిందికి దిగుతుంది. మన 'రాష్ట్రం', 'స్త్రీ', 'జ్యోత్స్న' అలా కాదు. గుడి పైకి వెళ్తుంది, వత్తు కిందికి దిగుతుంది, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు దిగుతుంది. కాలేజీలు ఇచ్చే టెంప్లేట్లు చాలావరకు ఇంగ్లిషు కొలతలతో తయారైనవి. వాటిలో లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' అని, పక్కన 14 పాయింట్లో 15 పాయింట్లో అని ఉంటుంది. అంటే ఆ ఎత్తు దాటి అక్షరం ఏదైనా బయటికి వస్తే కోసెయ్యమని మీరే ఆజ్ఞ ఇచ్చినట్టు.

వర్డ్‌లో కంట్రోల్+ఏ, తర్వాత పేరాగ్రాఫ్ పెట్టె. లైన్ స్పేసింగ్‌లో ఎగ్జాక్ట్‌లీ తీసి 'మల్టిపుల్' పెట్టి 1.15 ఇవ్వండి. రైటర్‌లో దాని పేరు 'ఫిక్స్‌డ్'. అది తీసి 'ప్రపోర్షనల్' పెట్టండి. పేజీలు పెరుగుతాయి, పెరగనివ్వండి. గైడ్ గారు ఒప్పుకోకపోతే ఫాంటు సైజు అర పాయింటు తగ్గించండి గానీ వత్తు కోయకండి. వత్తు పోతే మాటే మారిపోతుంది. 'అమ్మ' కాస్తా 'అమ' అవుతుంది.

టేబుల్ గళ్లలో మాత్రమే తెగుతుంటే అడ్డువరుస ఎత్తు ఎగ్జాక్ట్‌లీ అని ఉందేమో చూసి 'అట్ లీస్ట్' చేయండి. స్క్రీన్ మీద తెగి ప్రింటులో బాగుండడం కూడా ఉంది. అందుకే కంగారు పడేముందు ఒకసారి పి.డి.ఎఫ్. చేసి, 200 శాతానికి పెంచి చూడండి. కిందటేడు ఒక అమ్మాయి అయిదు కాపీలు గట్టి అట్ట బైండింగ్ చేయించాక ఈ సంగతి గమనించింది. అయిదూ మళ్లీ చేయాల్సి వచ్చింది. ఆ రోజు ఆ పిల్ల మొహం చూశాక ప్రింటు ఇచ్చేముందు వత్తులు చూడడం మాకు నియమమైపోయింది.

పాత ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తున్నాయి. ఫైలు పోయినట్టేనా?

పోలేదు. అది ఎక్కువగా అను ఫాంట్లతో టైపు చేసిన ఫైలు అయి ఉంటుంది. ప్రతి లిపిలోని అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకి 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే చోటుంది, 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు. కానీ మన ప్రెస్సుల్లో, డి.టి.పి. సెంటర్లలో చాలాకాలం అను ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ జంటే నడిచింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఆ ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరం కూర్చునే స్థానంలో తెలుగు బొమ్మ కూర్చుని ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. ఫాంటు ఉంటే తెలుగుగా కనబడుతుంది, ఫాంటు లేకపోతే అసలు రూపం బయటపడుతుంది.

చేయకూడనిది ఒకటుంది: ఆ ఫైలులో అంతా సెలెక్ట్ చేసి, విండోస్‌తో వచ్చే నిర్మలా అనే తెలుగు ఫాంటు పెట్టి సేవ్ చేయడం. ఏ ముక్క ఏ అను ఫాంటులో ఉందో, ఎక్కడ నిజమైన ఇంగ్లిషు ఉందో అన్న ఆనవాలు దాంతో చెరిగిపోతుంది. ముందు ఫైలుకి నకలు తీసి పక్కన పెట్టండి. నకలు మీద, అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్ వాడండి. మీ ఫైలు ఏ తరం అను ఫాంటో తెలుసుకుని కన్వర్టర్‌లో అదే ఎంచుకోవాలి, లేకపోతే కొత్త గందరగోళం తయారవుతుంది.

మార్చాక ప్రూఫు తప్పదు. వత్తులూ గుణింతాలూ కలిసిన చోట్ల, కొటేషన్ గుర్తుల దగ్గర, మధ్యలో వచ్చిన ఇంగ్లిషు మాటల దగ్గర జాగ్రత్తగా చూడండి. ఇంగ్లిషు మాటని కూడా కన్వర్టర్ తెలుగు అనుకుని మార్చేస్తుంది. పేర్లు, సర్వే నంబర్లు, తేదీలు ఉన్న దస్తావేజైతే పాత ప్రింటు పక్కన పెట్టుకుని ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూడండి.

ఇంట్లో 60 పేజీలున్న ఫైలు మీ దగ్గర 64 ఎలా అయింది?

మీ ఇంట్లో ఉన్న ఫాంటు మా కంప్యూటర్‌లో లేదు. దొరికిన దాన్ని పెట్టుకుని ప్రోగ్రామ్ లాక్కొచ్చింది. విండోస్‌లోనే తెలుగు ఫాంటు రెండుసార్లు మారింది. ఎక్స్‌పీలో గౌతమి, 7లో వాణి, 8 నుంచి నిర్మలా. విండోస్ 10లో గౌతమి, వాణి ఐచ్ఛికంగా మారాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' చేర్చుకుంటే వస్తాయి. ఇంగ్లిషు వైపు కూడా అంతే. కాలిబ్రి లేని చోట రైటర్ కార్లిటో వాడుతుంది. రెండింటి వెడల్పూ ఒకటే కాబట్టి లైన్లు కదలవు. తెలుగు ఫాంట్లకి అలాంటి జత లేదు.

ప్రింటుకే అయితే పి.డి.ఎఫ్. తెండి. దిద్దాల్సిన ఫైలైతే ఫాంటు లోపల పెట్టి తెండి. రైటర్‌లో ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్ ట్యాబ్‌లో ఎంబెడ్ అని ఉంటుంది. వర్డ్‌లో ఆప్షన్స్, సేవ్ కింద ఉంటుంది. అందరికీ ఉచితంగా దొరికే ఫాంటు వాడితే ఇంకా మంచిది. నోటో శాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. అక్కడే గిడుగు, గురజాడ పేర్లతోనూ ఫాంట్లున్నాయి. మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లున్న ఆ అక్షరాలతో శీర్షికలు కడుతుంటే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది.

పేజీ సైజు కూడా చూడండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్ ఒక్కోసారి అమెరికా వాళ్ల లెటర్ సైజుతో మొదలవుతుంది. మనకి కావలసింది ఏ4, అంటే 210కి 297 మిల్లీమీటర్లు.

మాట కళ్లెదుటే ఉంది, ఫైండ్‌లో కొడితే దొరకడం లేదు. ఇది బగ్గేనా, అంటే ప్రోగ్రామ్‌లో తప్పేనా?

ఎక్కువసార్లు కాదు. కంటికి ఒకేలా ఉండి లోపల వేరుగా ఉన్న అక్షరాలవి.

పూర్ణానుస్వారం తొందరగా దొరక్క చాలామంది అంకె సున్నానో, ఇంగ్లిషు 'ఓ' అక్షరాన్నో కొట్టేస్తారు. 'విశాఖపట్నం' అని మీరు వెతుకుతారు, ఫైలులో 'విశాఖపట్న0' ఉంటుంది. 'దుఃఖం'లో విసర్గ బదులు కోలన్ పెట్టి 'దు:ఖం' అని రాస్తారు. కోలన్ విరామచిహ్నం కాబట్టి ప్రోగ్రామ్ అక్కడ మాట ముగిసిందనుకుంటుంది. ఇంకోటి ఐత్వం. దాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం పెట్టి కింద ఐత్వపు తోక విడిగా చేర్చి కూడా రాయవచ్చు. చూపుకి తేడా ఉండదు. పాత కన్వర్టర్ల నుంచి వచ్చిన ఫైళ్లలో ఈ రెండో రకం కనిపిస్తుంటుంది.

ఫైండ్‌లో అంకె 0 కొట్టి ఒక్కొక్కటే చూస్తూ వెళ్లండి. తర్వాత ఇంగ్లిషు 'ఓ', తర్వాత కోలన్. 'రీప్లేస్ ఆల్' మాత్రం నొక్కకండి. 10:30 అన్న టైము 10ః30 అయిపోతుంది, 500 రూపాయలు 5ంం అవుతాయి. కోర్టు కాగితంలో అలా జరిగితే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

అక్షరం పక్కన చుక్కల గుండ్రం ◌ వస్తోంది.

ఆనుకోవడానికి హల్లు లేని గుణింతపు గుర్తు అది. ఒక అక్షరానికి రెండు గుణింతాలు పడినా, స్పేస్ తర్వాత గుణింతం కొట్టినా వస్తుంది. ఆ గుర్తును తీసేసి, ముందు హల్లు, తర్వాత గుణింతం కొట్టండి.

'సాఫ్ట్‌వేర్' అని కొడితే వకారం వత్తుగా కిందికి దిగిపోతోంది.

పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తు చేయమనే మన లిపి నియమం, ప్రోగ్రామ్ సరిగ్గానే చేసింది. రెండింటినీ విడదీయడానికి కంటికి కనబడని ఒక గుర్తు ఉంది, దాని సంఖ్య 200సి. కీబోర్డు ఇంగ్లిషులోకి మార్చి, పొల్లు తర్వాత 200సి అని ఇంగ్లిషులో కొట్టి, వెంటనే ఆల్ట్+ఎక్స్ నొక్కండి. వర్డ్, రైటర్ రెండింటిలోనూ పనిచేస్తుంది. తర్వాత తెలుగులోకి వచ్చి 'వేర్' కొట్టండి. మధ్యలో మామూలు స్పేస్ పెట్టి సర్దుకోవద్దు. లైను చివర మాట రెండు ముక్కలై ఒకటి పైన, ఒకటి కింద పడుతుంది.

ఈ గుర్తు కూడా వెతుకులాటకి అడ్డుపడుతుంది. కాబట్టి ఒకే మాటని ఒకచోట గుర్తుతో, ఒకచోట గుర్తు లేకుండా రాయకండి.

బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం పోవడం లేదు, సగమే పోతోంది.

అది సౌకర్యం. 'క్షీ' అంటే కంప్యూటర్‌కి క, పొల్లు, ష, ఈత్వం అనే నాలుగు. బ్యాక్‌స్పేస్ చివరి నుంచి ఒక్కొక్కటి తీస్తుంది కాబట్టి గుణింతం ఒక్కటే దిద్దుకోవచ్చు. డిలీట్ కీ కర్సర్ తర్వాతున్న అక్షరాన్ని మొత్తంగా తీస్తుంది.

టైపు చేస్తుంటే ముందున్న అక్షరాలు మింగేస్తోంది.

రైటర్‌లో ఇన్సర్ట్ కీ తగిలింది, మళ్లీ ఒకసారి నొక్కండి. వర్డ్‌లో అయితే కింది పట్టీ మీద రైట్ క్లిక్ చేసి 'ఓవర్‌టైప్' టిక్ చేయండి, తర్వాత పట్టీ మీద కనబడే 'ఓవర్‌టైప్' అన్న మాట మీద క్లిక్ చేస్తే అది 'ఇన్సర్ట్' అవుతుంది.

మెనూలన్నీ మాయమయ్యాయి. మా అబ్బాయి ఏదో చేశాడు.

రైటర్‌లో ముందు కంట్రోల్+షిఫ్ట్+జె నొక్కి చూడండి. ఫుల్ స్క్రీన్‌లో ఇరుక్కుని ఉంటే బయటికి వస్తుంది. అది కాకపోతే వ్యూ మెనూలో, మెనూ లేకపోతే వ్యూ ట్యాబ్‌లో 'యూజర్ ఇంటర్‌ఫేస్' తెరవండి. రైటర్‌కి చాలా రకాల ముఖాలున్నాయి. వర్డ్ అలవాటున్న వాళ్లు ట్యాబ్‌లు ఉన్నది ఎంచుకుంటారు. పాత అలవాటు వాళ్లకి 'స్టాండర్డ్ టూల్‌బార్' హాయిగా ఉంటుంది. వర్డ్‌లో పైపట్టీ ముడుచుకుంటే కంట్రోల్+ఎఫ్1.

పేరాల చివర వింత గుర్తులు కనబడుతుంటే రైటర్‌లో కంట్రోల్+ఎఫ్10, వర్డ్‌లో కంట్రోల్+షిఫ్ట్+8. అవి ప్రింటులో రావు. నా మటుకు నేను అవి ఎప్పుడూ కనబడేలాగే ఉంచుకుంటాను, ఎక్కడ స్పేసులు గుమ్మరించారో, ఎక్కడ ఎంటర్లు కొట్టి పేజీ జరిపారో వెంటనే తెలుస్తుంది.

వర్డ్‌లో పేజీ పైఅంచూ కిందిఅంచూ పోయి హెడర్ కనబడకపోతే, రెండు పేజీల మధ్య గీత మీద డబుల్ క్లిక్ చేయండి.

రైటర్ స్క్రీన్ నల్లబడుతోంది, లేదా స్క్రోల్ చేస్తే అక్షరాలు చెదిరిపోతున్నాయి.

2020లో వచ్చిన లిబ్రే ఆఫీస్ 7.0 నుంచి విండోస్‌లో బొమ్మ గీసే పని స్కియా అనే భాగం చేస్తోంది. అది గ్రాఫిక్స్ డ్రైవర్ మీద ఆధారపడుతుంది. పాత డ్రైవర్ ఉంటే ఇలా అవుతుంది. టూల్స్, ఆప్షన్స్, లిబ్రే ఆఫీస్ కింద వ్యూలో 'ఫోర్స్ స్కియా సాఫ్ట్‌వేర్ రెండరింగ్' టిక్ చేసి ప్రోగ్రామ్‌ను మూసి తెరవండి. తగ్గకపోతే స్కియానే ఆపేయండి. వీలైనప్పుడు డ్రైవర్ కొత్తది వేసుకోండి.

తెరవగానే మూసుకుపోతోంది. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతే. ఇక కంప్యూటర్ ఫార్మాట్ చేయాల్సిందేనా?

ఫార్మాట్ దాకా వెళ్లొద్దు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా మీ సొంత సెట్టింగులు వేరేచోట అలాగే ఉండిపోతాయి. జబ్బు సాధారణంగా వాటిలోనే ఉంటుంది.

రైటర్ ఏమాత్రం తెరుచుకున్నా హెల్ప్ మెనూలో 'రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్' నొక్కండి. తెరుచుకోకపోతే స్టార్ట్ మెనూలో లిబ్రే ఆఫీస్ సేఫ్ మోడ్ అని విడిగా ఉంటుంది. సేఫ్ మోడ్‌లో బాగా నడిస్తే తప్పు ప్రొఫైల్‌ది, అంటే ఆ సొంత సెట్టింగుల మూటది. విండోస్ యాప్‌డేటాలో రోమింగ్, లిబ్రే ఆఫీస్, 4 అన్న వరుసలో 'యూజర్' అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని డిలీట్ చేయకండి, పేరు మార్చండి. మీరు చేర్చుకున్న డిక్షనరీ మాటలు, ఆటోకరెక్ట్ జాబితా అందులోనే ఉంటాయి, తర్వాత తెచ్చుకోవచ్చు.

వర్డ్‌లో కంట్రోల్ కీ నొక్కిపట్టి ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే సేఫ్ మోడ్ కావాలా అని అడుగుతుంది. అలా బాగుంటే ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్ (వర్డ్‌కి తగిలించిన అదనపు ప్రోగ్రాములు) ఒక్కొక్కటిగా ఆపి చూడండి. తర్వాత అనుమానం 'నార్మల్' అనే టెంప్లేట్ ఫైలు మీద. దానికీ పేరు మారిస్తే వర్డ్ కొత్తది తయారుచేసుకుంటుంది.

ఫైలు వేరేవాళ్లు వాడుతున్నారు అంటోంది. ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను.

కిందటిసారి ప్రోగ్రామ్ సరిగ్గా మూసుకోలేదు, తాళం ఫైలు మిగిలిపోయింది. అన్నీ మూసి, దాగిన ఫైళ్లు కనబడేలా పెట్టి, అదే ఫోల్డర్‌లో మీ ఫైలు పేరుతో 'లాక్' అని ఉన్న చిన్న ఫైలు తీసేయండి. వర్డ్‌ది అలల గీత, డాలర్ గుర్తుతో మొదలవుతుంది. నిజంగానే ఇంకో కంప్యూటర్‌లో తెరిచి ఉందేమో ముందు చూసుకోండి.

కరెంటు పోయింది. రాసిందంతా వస్తుందా?

ప్రోగ్రామ్ మళ్లీ తెరిచినప్పుడు రికవరీ పెట్టె వస్తే అందులో దేన్నీ వద్దనకండి, ముందు అన్నీ తెరిచి వేరే పేరుతో సేవ్ చేయండి. వర్డ్‌లో ఒక్కసారి కూడా సేవ్ చేయని ఫైలైతే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్‌లో 'రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్' చూడండి.

ఫైలు ఉంది కానీ తెరుచుకోవడం లేదంటే ఇంకో దారి ఉంది. వర్డ్ వాడే డాక్స్ ఫైలు, రైటర్ వాడే ఒ.డి.టి. ఫైలు రెండూ నిజానికి జిప్ మూటలు. నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పండి. ఒ.డి.టి.లో 'కంటెంట్' అనే ఫైలు, డాక్స్‌లో 'వర్డ్' ఫోల్డర్ లోపల 'డాక్యుమెంట్' అనే ఫైలు ఉంటాయి. మీ మాటలన్నీ వాటిలో ఉంటాయి. అందం పోతుంది, రాత మిగులుతుంది. మూటే విప్పుకోకపోతే ఈ దారి లేదు.

వర్డ్‌లో ఆటోరికవర్ మామూలుగా 10 నిమిషాలకోసారి జరుగుతుంది. దాన్ని 3 చేసుకోండి. రైటర్‌లో లోడ్/సేవ్ విభాగంలో ఆటోరికవరీ నిమిషాలు తగ్గించి, పక్కనే 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ' టిక్ పెట్టండి. పెన్‌డ్రైవ్ మీద నేరుగా టైపు చేయకండి. కంప్యూటర్‌లోకి తెచ్చుకుని పని చేసి, చివర్లో కాపీ చేసుకోండి. సముద్రపు గాలికి మన ఊళ్లో యు.ఎస్.బి. మూతులు తుప్పు పట్టడం నేను చూస్తూనే ఉన్నాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు మా గదిలోకి నీళ్లొచ్చి, నేలమీదున్న రెండు సీపీయూలు మునిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు. తర్వాత ఆరబెట్టి చూస్తే ఒక హార్డ్ డిస్క్ పలకలేదు. అందులో ఒక మాస్టారు పన్నెండేళ్లుగా సేకరించిన జాలరిపేట మాటల పట్టిక ఉంది. ఆయన దగ్గర ఉన్న మరో నకలు పాత ప్రింటు ఒక్కటే. మళ్లీ మొదటినుంచి టైపు చేసి ఇచ్చాం, కానీ ప్రింటు తీశాక ఆయన చేర్చినవి పోయాయి. అప్పటినుంచి పని పూర్తయిన ప్రతి ఫైలూ ఆ సాయంత్రమే అది తెచ్చిన మనిషి ఈమెయిల్‌కి పంపించి గానీ ఇంటికి వెళ్లను. తుఫాను హెచ్చరిక వస్తే మీరు కూడా మీ ఫైళ్లు మీకే మెయిల్ చేసుకోండి, అయిదు నిమిషాల పని.

తెలుగు మాటలన్నిటి కిందా ఎర్ర గీతలు!

రెండు కారణాలు. ఒకటి, ప్రోగ్రామ్ దాన్ని ఇంగ్లిషు అనుకుంటోంది. సెలెక్ట్ చేసి భాష తెలుగు అని పెట్టండి. రెండోది, పెట్టాక కూడా కొన్ని మిగులుతాయి, అది మన భాష తీరు. 'వెళ్లాలనుకుంటున్నవాళ్లందరికీ' అన్నది మనకి ఒకే మాట. సంధులూ ప్రత్యయాలూ కలిసి పుట్టే రూపాలన్నీ ఏ జాబితాలోనూ పట్టవు. ఎర్ర గీత ఉందని మంచి మాటను మార్చకండి. చిరాకైతే రైటర్‌లో షిఫ్ట్+ఎఫ్7తో ఆపేయండి.

పి.డి.ఎఫ్. నుంచి తెలుగు కాపీ చేస్తే ముక్కలు ముక్కలుగా వస్తోంది.

పి.డి.ఎఫ్.లో ఉండేది అక్షరాల బొమ్మల వరుస. ఏ బొమ్మ ఏ అక్షరాల కలయికో చెప్పే పట్టిక సరిగా లేకపోతే వత్తులూ గుణింతాలూ తారుమారవుతాయి. బయటినుంచి వచ్చిన పి.డి.ఎఫ్.కి మనం చేయగలిగింది తక్కువ, అసలు ఫైలు అడగడమే మంచిది. మీరు తయారుచేసే వాటికి మాత్రం రైటర్‌లో చక్కటి ఏర్పాటుంది. పి.డి.ఎఫ్. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో 'హైబ్రిడ్' అన్నది టిక్ చేస్తే అసలు డాక్యుమెంటు కూడా లోపలే కూర్చుంటుంది. చూసేవాళ్లకి పి.డి.ఎఫ్., రైటర్‌లో తెరిస్తే దిద్దుకునే ఫైలు.

వాట్సాప్‌లో వచ్చిన ఫైలులో ఏమీ దిద్దడం కుదరడం లేదు.

పైన పసుపు పట్టీలో 'ఎనేబుల్ ఎడిటింగ్' నొక్కండి. పంపినవాళ్లు తెలిసినవాళ్లైతేనే. ముందు ఫైలును మీ ఫోల్డర్‌లో సేవ్ చేసుకుని తెరవండి.

నాకు ఆపిల్ కీబోర్డు అలవాటు. యూనికోడ్‌కి మారాలంటే చేతులు మళ్లీ కొత్తగా నేర్చుకోవాలా?

అక్కర్లేదు. అనులో ఆపిల్ లేఅవుట్ మీద ఇరవయ్యేళ్లు కొట్టిన వేళ్లను మార్చుకోమనడం అన్యాయం. లైనక్స్‌లో ఐబస్, ఎమ్17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు వేసుకుంటే తెలుగుకి ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆర్.టి.ఎస్. లేఅవుట్లన్నీ ఉన్నాయి. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ మొదటినుంచీ ఉంది. ఇంగ్లిషు ఉచ్చారణతో కొట్టే ఫొనెటిక్ 2019 మే అప్‌డేట్‌తో విండోస్ 10లో చేరింది. కొత్తగా నేర్చుకునే పిల్లలకి నేను ఇన్‌స్క్రిప్టే చెప్తాను. రెండు వారాలు కష్టపడితే భారతీయ భాషల్లో చాలావాటికి ఒకే వేలు పనిచేస్తుంది. భాష మార్చడానికి విండోస్ కీ+స్పేస్.

మీరు కొట్టని అక్షరాలు వాటంతట అవే చేరుతుంటే కీబోర్డును అనుమానించకండి. రైటర్‌లో టూల్స్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో 'వర్డ్ కంప్లీషన్' తీసేయండి. ఎంటర్ నొక్కగానే అది ఊహించిన మాటను చేర్చేస్తుంది.

ఇది నిజంగా బగ్గో, నా సెట్టింగో ఎలా తెలుసుకోవాలి?

నాలుగు పరీక్షలు చేస్తాను. అదే మాటను వేరే ఫాంటులో పెట్టి చూస్తాను. ఒక్క ఫాంటులోనే తప్పుంటే, అదే ఫాంటుతో ఇంకో ప్రోగ్రామ్‌లోనూ తప్పుంటే, దోషం ఫాంటుది. తర్వాత కొత్త ఖాళీ ఫైలులో చేత్తో కొట్టి చూస్తాను. అక్కడ బాగుంటే దోషం పాత ఫైలుది, దాని స్టైల్స్‌ది. తర్వాత సేఫ్ మోడ్. అక్కడ బాగుంటే ప్రొఫైల్‌ది. స్క్రీన్ మీదా పి.డి.ఎఫ్.లోనూ బాగుండి కాగితం మీద తప్పు వస్తే ప్రింటర్ డ్రైవర్‌ది. ఇవన్నీ దాటి, ఖాళీ ఫైలులో, సేఫ్ మోడ్‌లో, రెండు మూడు ఫాంట్లతో అదే తప్పు వస్తే అప్పుడు అది బగ్గు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. రైటర్ 5.3 నుంచి అన్ని కంప్యూటర్లలోనూ అక్షరాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే భాగమే చేస్తోంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే ఉంది. కాబట్టి రైటర్‌లో వత్తు తప్పుగా కూర్చుంటే అదే మాటను అదే ఫాంటుతో బ్రౌజర్‌లో, వర్డ్‌లో కూడా చూడండి. ఎక్కడెక్కడ తప్పుందో తెలిస్తే ఎవరికి చెప్పాలో తెలుస్తుంది.

బగ్గని తేలింది. చెప్తే ఎవరైనా వింటారా? నాకు ఇంగ్లిషు అంత బాగా రాదు.

వింటారు, చెప్పాలి. తయారుచేసేవాళ్లకి 'క్ష్మ్య' ఎలా ఉండాలో తెలియదు. మనం చెప్పకపోతే అది సరిగ్గానే ఉందనుకుంటారు. లిబ్రే ఆఫీస్‌కైతే, దాన్ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ వారి బగ్‌జిల్లా అనే బగ్గుల నమోదు సైటులో రాయాలి. హెల్ప్ మెనూలో 'సెండ్ ఫీడ్‌బ్యాక్' నొక్కితే అక్కడికి తీసుకెళ్తుంది. వర్డ్‌కి ఫైల్ మెనూలో ఫీడ్‌బ్యాక్ ఉంది.

పెద్ద ఇంగ్లిషు అక్కర్లేదు. ఏం చేశాను, ఏం వచ్చింది, ఏం రావాలి, ఈ మూడు చిన్న వాక్యాలు చాలు. తప్పు రూపం స్క్రీన్‌షాట్ ఒకటి, సరైన రూపం కాగితం మీద మీ చేత్తో రాసి ఫొటో ఒకటి పెట్టండి. రైటర్ అబౌట్ పెట్టెలో వెర్షన్ వివరాలు కాపీ చేసే బొత్తం ఉంది, అది అతికించండి. ఫాంటు పేరూ వెర్షనూ రాయండి. ముందు అదే బగ్గు ఎవరైనా రాశారేమో 'తెలుగు' అన్న ఇంగ్లిషు మాటతో వెతికి, ఉంటే నాకూ ఇలాగే ఉందని దాని కింద చేర్చండి.

నమూనాగా ఒక్క లైను ఉన్న కొత్త ఫైలు జతచేయండి. మీ వీలునామా, మీ క్లయింటు వకాల్తా, మీ థీసిస్ జతచేయకండి. అక్కడ పెట్టింది ప్రపంచమంతా చూస్తుంది.

రాయడం కుదరకపోతే ఆ ఒక్క లైను ఫైలు పట్టుకుని సాయంత్రం ఆరు తర్వాత మా బల్ల దగ్గరికి రండి. కూర్చుని కలిసి రాద్దాం. దీనికి డబ్బు తీసుకోను.